ల్యాప్‌టాప్‌లోని మోడెమ్‌ని లినక్స్‌లో లేపాలా, ఫోన్‌తో సరిపెట్టుకోవాలా?

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి నా చేతికి వచ్చినప్పుడు మొదట కంట్లో పడింది దాని పక్కనున్న సన్నటి సిమ్ ట్రే. ఇక ఎక్కడికెళ్లినా ఫోన్ హాట్‌స్పాట్ గొడవ లేదనుకున్నాను. పిన్నుతో ట్రే లాగి, సిమ్ పెట్టి, లినక్స్ బూట్ చేశాను. నెట్‌వర్క్ మెనూలో వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది, మొబైల్ డేటా అన్న మాటే లేదు. రాత్రి రెండు దాటేదాకా టెర్మినల్ ముందు కూర్చున్నాను. చివరికి విసుగొచ్చి, పక్కనున్న ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో తగిలిస్తే పట్టుమని పది సెకన్లలో నెట్ వచ్చేసింది.

ఆ మోడెమ్, అంటే సిమ్‌తో నెట్ అందించే లోపలి కార్డు, తర్వాత దారికొచ్చింది, ఇప్పటికీ పనిచేస్తోంది. కానీ దాన్ని ఎలా లేపాలో వెతకడానికి ముందే, దాని మీద ఎన్ని గంటలు పెట్టొచ్చో లెక్కేసుకుని ఉంటే ఆ రాత్రి హాయిగా పడుకునేవాణ్ణి. ఆ లెక్కకి రెండు కమాండ్లు, ఐదు నిమిషాలు చాలు.

కార్డు ఏ దారిలో తగిలి ఉంది?

మన ముందున్న దారులు ఐదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న కార్డునే పనిచేయించడం, దాన్ని తీసేసి వేరే కార్డు పెట్టడం, యూఎస్‌బీ పోర్టుకి గుచ్చే డాంగిల్, ఫోన్ టెథరింగ్ (ఫోన్‌లోని నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం), జేబులో పట్టే వైఫై రౌటర్. చివరి మూడూ ఏ ల్యాప్‌టాప్‌కైనా ఒకటే. తిరకాసంతా మొదటి రెండింటిలోనే.

ల్యాప్‌టాప్ లోపలి మోడెమ్ అంటే ఈరోజుల్లో ఎం.2 కార్డు. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 42 మిల్లీమీటర్ల పొడవు. 5జీ కార్డులైతే చాలావరకు 52 పొడవు. ఇది మదర్‌బోర్డుతో మాట్లాడే దారులు రెండు: యూఎస్‌బీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్. యూఎస్‌బీ దారిలో ఉంటే, లోపల స్క్రూ వేసి బిగించినా కంప్యూటర్ లెక్కలో అది బయట పోర్టుకి గుచ్చిన డాంగిల్‌తో సమానం. పీసీఐ దారిలో ఉంటే కెర్నల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, దానికి ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ ఉండాలి. మోడెమ్ ఎన్ని జీలదో, ఎంత వేగమో కన్నా ఈ ఒక్క తేడాయే మీ శని ఆదివారాల గతిని నిర్ణయిస్తుంది.

టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. సియెర్రా వైర్‌లెస్, క్వెక్‌టెల్, ఫిబోకామ్ లాంటి పేరు జాబితాలో కనిపిస్తే మీది యూఎస్‌బీ కార్డు. అక్కడ లేకపోతే ఎల్ఎస్‌పీసీఐ కొట్టి వెతకండి. రెండు చోట్లా లేకపోతే బయోస్‌లో (లినక్స్ లేవక ముందే తెరిచే సెట్టింగ్స్‌లో) వైర్‌లెస్ వ్యాన్, అంటే మొబైల్ నెట్‌వర్క్, అన్న ఆప్షన్ ఆపేసి ఉందేమో చూడండి. అక్కడా సరిగ్గానే ఉంటే లోపల కార్డే లేకపోవచ్చు. సిమ్ ట్రే ఉంది కదా అని కార్డు ఉంటుందన్న గ్యారంటీ లేదు. బాడీ అన్ని మోడళ్లకీ ఒకటే పోసి, కార్డు మాత్రం డబ్బు కట్టినవాళ్లకే పెట్టడం కంపెనీలకు మామూలే.

యూఎస్‌బీ కార్డయితే: ఆగకుండా మొదలుపెట్టండి

యూఎస్‌బీ మోడెమ్‌లు మాట్లాడే భాషలు ముఖ్యంగా మూడు. అన్నిటికన్నా పాతది ఏటీ కమాండ్లు. 1981లో హేస్ కంపెనీ డయల్-అప్ మోడెమ్‌తో పుట్టిన పద్ధతి, ఈనాటి 5జీ కార్డుల్లో కూడా ఏదో ఒక మూల బతికే ఉంది. రెండోది క్యూఎంఐ, క్వాల్‌కామ్ సొంత భాష. మూడోది ఎంబీఐఎం, యూఎస్‌బీ ప్రమాణాలు రాసే సంస్థే తెచ్చిన ఉమ్మడి పద్ధతి. చివరి రెండింటికీ లినక్స్ కెర్నల్‌లో డ్రైవర్లు చాలా ఏళ్లుగా ఉన్నాయి. వాటి పైన మోడెమ్ మేనేజర్ అనే సర్వీసు, దాని పైన మనందరికీ తెలిసిన నెట్‌వర్క్ మేనేజర్ పనిచేస్తాయి. కొత్తగా ఏదీ డౌన్‌లోడ్ చేసి కంపైల్ చేయాల్సిన పని లేదు.

ఉదాహరణకి పాత బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే సియెర్రా ఈఎం7455 తీసుకోండి. 4జీ కేటగిరీ 6, కాగితం మీద సెకనుకి 300 మెగాబిట్ల డౌన్‌లోడ్. యూఎస్‌బీ దారి, ఎంబీఐఎం భాష. మోడెమ్ మేనేజర్ దీన్ని చూసిన వెంటనే గుర్తుపడుతుంది. క్వెక్‌టెల్ ఈఎం05 కూడా అలాంటిదే.

ఎంఎంసీఎల్ఐ అనే కమాండ్‌కి మైనస్ పెద్ద ఎల్ తగిలించి కొడితే మోడెమ్‌ల జాబితా వస్తుంది. అందులో మీ మోడెమ్‌కి ఒక నంబరు ఉంటుంది, సాధారణంగా సున్నా. మైనస్ చిన్న ఎం, ఆ నంబరు ఇచ్చి మళ్లీ కొడితే మొత్తం చిట్టా బయటపడుతుంది. అందులో చూడాల్సింది స్టేట్ అన్న ఒక్క లైనే. "ఫెయిల్డ్", దాని కింద "సిమ్ మిస్సింగ్" అని ఉంటే సిమ్ తిరగేసి పెట్టారేమో చూడండి, నవ్వులాట కాదు, నేనూ పెట్టాను. "లాక్డ్" అంటే సిమ్ పిన్ అడుగుతోంది. "రిజిస్టర్డ్" అంటే టవర్‌తో మాటలు కలిశాయి, ఇక మీ ఆపరేటర్ ఏపీఎన్ (మొబైల్ డేటాకి ఆపరేటర్ పెట్టుకున్న గేటు) పేరుతో సెట్టింగ్స్‌లో కనెక్షన్ ఒకటి చేసుకుంటే అయిపోయింది. "డిసేబుల్డ్" దగ్గరే ఆగిపోయి, ఎనేబుల్ చేయమంటే ససేమిరా అంటోందంటే కింది భాగం మీ కోసమే.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని: ఎఫ్‌సీసీ లాక్

నా రాత్రంతా తిన్నది ఇదే. కార్డు కనిపిస్తోంది, డ్రైవర్ ఎక్కింది, సిమ్ చదివింది, ఐఎంఈఐ నంబరు కూడా చూపిస్తోంది. పవర్ స్టేట్ దగ్గర మాత్రం "లో" అని ఉండి, దాన్ని పైకి లేపబోతే రేడియో స్విచ్ మార్చడం కుదరలేదన్న అర్థంలో ఒక ఎర్రర్. కార్డు పాడైపోయిందనుకున్నాను. బ్యాటరీ తీసి పెట్టాను, బయోస్ రీసెట్ చేశాను, డిస్ట్రో (లినక్స్ రకం) మార్చాను. చేయని పూజ లేదు.

అసలు సంగతి ఏమిటంటే, అమెరికాలో రేడియో పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌సీసీ నిబంధనల కోసం ల్యాప్‌టాప్ కంపెనీలు తమ మోడల్‌నీ అందులోని మోడెమ్‌నీ జంటగా పరీక్ష చేయించుకుంటాయి. యాంటెన్నా ఎక్కడుంది, మనిషి ఒంటికి ఎంత దూరం, ఎంత శక్తితో ప్రసారం చేయొచ్చు అన్నవన్నీ ఆ జంటకే లెక్క. వేరే ల్యాప్‌టాప్‌లో పెడితే పనిచేయకూడదని, బూట్ అయిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ నుంచి ఒక రహస్య సంకేతం అందేదాకా కార్డు రేడియో ఆన్ చేయదు. విండోస్‌లో కంపెనీ డ్రైవర్ ఆ సంకేతం పంపేస్తుంది కాబట్టి అక్కడ ఎవరికీ తెలియదు. లినక్స్‌లో పంపేవాళ్లు లేరు.

ఒకప్పుడు మోడెమ్ మేనేజరే కొన్ని కార్డులకు ఈ తాళం తనంతట తాను తీసేసేది. 1.18.4 వెర్షన్ నుంచి ఆ పని మానేసింది. తాళం తీయాలా వద్దా అన్నది వాడేవాళ్ల నిర్ణయం అని పక్కకు తప్పుకుంది. అయితే తాళంచెవులు పారేయలేదు. యూఎస్ఆర్ ఫోల్డర్‌లో షేర్ కింద మోడెమ్ మేనేజర్ ఫోల్డర్ ఉంటుంది. అందులో ఎఫ్‌సీసీ-అన్‌లాక్ అని మొదలై "అవైలబుల్" అన్న మాటతో ఉండే ఫోల్డర్‌లో చిన్న చిన్న స్క్రిప్టులు పడి ఉంటాయి. ఫైలు పేరే కార్డు గుర్తింపు సంఖ్య, ఈఎం7455కి 1199:9079. మీ కార్డు సంఖ్య ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనిపించేదే. ఆ పేరున్న స్క్రిప్టుకి ఈటీసీ కిందున్న మోడెమ్ మేనేజర్ ఫోల్డర్‌లోని ఎఫ్‌సీసీ-అన్‌లాక్ ఫోల్డర్‌లో ఒక లింకు పెట్టి, సర్వీసు రీస్టార్ట్ చేస్తే చాలు.

నేను లింకు పెట్టాక కూడా పనిచేయలేదు. ఎందుకంటే ఆ స్క్రిప్టు లోపల క్యూఎంఐ వాళ్ల కమాండ్ పనిముట్టుని పిలుస్తుంది, ఆ పనిముట్టు వేరే ప్యాకేజీలో ఉంటుంది, మా డిస్ట్రోలో అది డిఫాల్ట్‌గా రాదు. లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్ వేశాక మళ్లీ సర్వీసు లేపితే, అంతసేపూ "లో" అని ఉన్నది "ఆన్" అయింది, పది సెకన్లకి మెనూలో సిగ్నల్ గీతలు మొలిచాయి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. తాళంచెవి మొదటి నుంచీ నా డిస్క్‌లోనే ఉంది.

కొన్ని కొత్త కార్డులకు ఈ చిన్న స్క్రిప్టులు సరిపోవు. అవి ఒక ప్రశ్న వేసి, దానికి లెక్కకట్టిన జవాబు అడుగుతాయి. లెనోవో తన ల్యాప్‌టాప్‌ల కోసం ఇలాంటి అన్‌లాక్ సాధనాన్ని లినక్స్‌కి విడుదల చేసింది, కానీ అందులోని కీలకమైన భాగం సోర్స్ లేకుండా బైనరీగానే వస్తుంది. ఓపెన్ సోర్స్ తప్ప ఇంకేదీ నా మిషన్‌లో ఉండకూడదనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. వాళ్లని నేను తప్పుపట్టను, అయితే మోడెమ్ లోపలే నడిచే సాఫ్ట్‌వేర్, అదే ఫర్మ్‌వేర్, ఎలాగూ మూసిపెట్టినదే కదా అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పీసీఐ కార్డయితే: చిప్ పేరు చూసి అడుగేయండి

ఇక్కడ నా సలహా అంత ఉత్సాహంగా ఉండదు. లినక్స్ కెర్నల్‌లో సెల్యులర్ మోడెమ్‌ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం వచ్చిందే 2021లో, 5.13 వెర్షన్‌తో. క్వాల్‌కామ్ చిప్పున్న పీసీఐ కార్డుల నియంత్రణ పోర్టులు దాంతోనే దారికొచ్చాయి. అదే ఏడాది 5.14లో ఇంటెల్ కార్డుల డ్రైవర్ ఐఓఎస్ఎం చేరింది. మీడియాటెక్ టీ700 చిప్ డ్రైవర్ 2022లో 5.19తో వచ్చింది, చాలా 5జీ ల్యాప్‌టాప్‌లలో ఉండే ఫిబోకామ్ ఎఫ్ఎం350లో ఉన్న చిప్ అదే. కాబట్టి పాత కెర్నల్ పట్టుకుని వేలాడే డిస్ట్రోలో పీసీఐ కార్డుతో కుస్తీ పట్టకండి.

వీటిలో క్వాల్‌కామ్ రకం కాస్త సాధువు. పీసీఐ మీద కూడా అదే క్యూఎంఐ, అదే ఎంబీఐఎం మాట్లాడుతుంది కాబట్టి మోడెమ్ మేనేజర్‌కి కొత్త పాఠం చెప్పనక్కర్లేదు. మీడియాటెక్ రకం తాళం తీసే మార్గం దొరికితే నడుస్తుంది. అందరికన్నా ఏడిపించింది ఇంటెల్ ఎక్స్ఎంఎం7360 చిప్. ఫిబోకామ్ ఎల్850 కార్డులో ఉండేది. కెర్నల్‌లో డ్రైవర్ వచ్చాక కూడా, డేటా కనెక్షన్ కలపడానికి అది మాట్లాడే భాష పై సాఫ్ట్‌వేర్‌కి చాలాకాలం రాలేదు. డ్రైవర్ ఎక్కిందని లాగ్‌లో చూసి సంబరపడి, తర్వాత గంటల తరబడి తల బాదుకున్నవాళ్లు చాలామంది. విచిత్రం ఏమిటంటే ఇదే ఎల్850 కార్డు కొన్ని ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ దారిలో తగిలి ఉంటుంది, అక్కడ బుద్ధిగా ఎంబీఐఎం మాట్లాడుతుంది. కార్డు పేరు చూసి మంచిదనో చెడ్డదనో చెప్పేసేవాళ్ల మాట అందుకే నమ్మకూడదు; మీ మిషన్‌లో అది ఏ దారిలో ఉందన్నదే లెక్క.

పీసీఐ కార్డులకు ఇంకో జబ్బు నిద్ర. మూత వేసి తెరిస్తే మోడెమ్ మాయమవుతుంది, రీబూట్ చేస్తేగానీ రాదు. యూఎస్‌బీ వాటికీ ఇది వస్తుంది, కానీ వాటిలో చాలావరకు మోడెమ్ మేనేజర్ సర్వీసుని రీస్టార్ట్ చేస్తే తిరిగొస్తాయి. మీరు రోజుకి పదిసార్లు మూత వేసే రకమైతే ఈ ఒక్క కారణానికే ఫోన్ టెథరింగ్ వైపు మొగ్గొచ్చు.

మీ పీసీఐ కార్డు మీద ఎంత సమయం పెట్టాలంటే, నా లెక్క ఒక్క సాయంత్రం. కొత్త కెర్నల్ ఉన్న డిస్ట్రోని లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే) బూట్ చేసి, ఎంఎంసీఎల్ఐ జాబితాలో మోడెమ్ కనిపించకపోతే అక్కడితో వదిలేయండి.

కార్డు మార్చడం

ఇది నాకు ఇష్టమైన దారి, కానీ అందరికీ చెప్పను. ఏడిపించే పీసీఐ కార్డు తీసేసి యూఎస్‌బీలో మాట్లాడే పాత 4జీ కార్డు పెడితే వేగం తగ్గినా మనశ్శాంతి వస్తుంది. అయితే కొనే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది స్లాట్. వ్యాన్ కార్డులకు కీ-బీ అనే గాడి ఉంటుంది. అలాంటి స్లాట్ ఖాళీగా కనిపించినా, దానికి యూఎస్‌బీ తీగలు వెళ్లి ఉండాలి, సిమ్ ట్రే నుంచి తీగలు వచ్చి ఉండాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ స్లాట్‌ని చిన్న ఎస్ఎస్‌డీ కోసం మాత్రమే వదులుతారు. కంపెనీ ఇచ్చే సర్వీస్ మాన్యువల్‌లో ఆ మోడల్‌కి ఏయే వ్యాన్ కార్డులు విడిభాగాలుగా ఇస్తారో ఉంటుంది, ముందు అది చదవండి. ఆ జాబితాలో లేని కార్డు పెడితే కొన్ని మోడళ్లు బూట్ అవకుండానే అనుమతి లేని కార్డు ఉందని, తీసేయమని చెప్పి ఆగిపోతాయి. బయోస్‌లో పెట్టిన ఈ కాపలాని లినక్స్ ఏమీ చేయలేదు, అది లేచేది ఆ తర్వాత కదా.

రెండోది యాంటెన్నా. అడుగు పలక విప్పి చూడండి. వ్యాన్ కోసం తీగలు వేసి ఉంటే, వాటి చివర్లకు ప్లాస్టిక్ తొడుగు వేసి స్లాట్ పక్కనే మడిచి పెట్టి ఉంటాయి. 4జీకి రెండు, 5జీకి నాలుగు. తీగలే లేకపోతే స్క్రీన్ విప్పి యాంటెన్నాలు అతికించాలి. అంత పని పెట్టుకోకండి, డాంగిల్ తీసుకోండి. తీగల చివర బియ్యపు గింజలో సగం ఉండే కనెక్టర్ ఉంటుంది. దాన్ని గుండుసూది తలంత మొలక మీద సరిగ్గా నిలువుగా ఆనించి, బొటనవేలి గోటితో నొక్కితే చిన్న టిక్ వినిపిస్తుంది. టిక్ రాకుండా బలంగా నొక్కితే అంచు వంగుతుంది, ఒకసారి వంగితే మళ్లీ కుదురుగా కూర్చోదు. నేను మొదటిసారి భూతద్దం పెట్టుకుని చేశాను, రెండో తీగకి చెయ్యి వణికింది కూడా.

మూడోది, చాలామంది మరిచిపోయేది, బ్యాండ్లు, అంటే ఆపరేటర్ సిగ్నల్ పంపే ఫ్రీక్వెన్సీలు. ఒకే పేరుతో అన్నట్టుగా ఉండే కార్డులు ప్రాంతాన్ని బట్టి వేరుగా ఉంటాయి. ఈఎం7455 అమెరికా, యూరప్ కోసం చేసింది. దాని తోబుట్టువు ఈఎం7430 ఆసియా, పసిఫిక్ వైపు కోసం. మొదటిదాంట్లో 40వ బ్యాండ్ లేదు, రెండోదాంట్లో ఉంది. రెండోదాంట్లో 20వ బ్యాండ్ లేదు, మొదటిదాంట్లో ఉంది. మీ ఆపరేటర్ ఏ బ్యాండ్ల మీద సిగ్నల్ ఇస్తాడో చూసుకోకుండా చౌకగా దొరికిందని తెచ్చుకుంటే, లినక్స్‌లో అన్నీ సరిగ్గా ఉండి కూడా సిగ్నల్ గీత ఒక్కటే వస్తుంది. అప్పుడు తిట్లు పడేది పాపం లినక్స్‌కి.

3జీ మాత్రమే ఉన్న పాత కార్డుల గురించి ఒక్క ముక్క. చాలా దేశాల్లో 3జీ టవర్లు ఆపేశారు, ఆపేస్తున్నారు. ఒకప్పటి గోబీ 2000 కార్డులైతే ఆన్ చేసిన ప్రతిసారీ విండోస్ డ్రైవర్లలోంచి తీసిన ఫర్మ్‌వేర్‌ని వాటి నోట్లో పెట్టాల్సి వచ్చేది. ముచ్చట తీర్చుకోవడానికి తప్ప వాటి మీద సమయం పెట్టకండి.

డాంగిల్, రౌటర్

యూఎస్‌బీ డాంగిల్‌లలో రెండు జాతులు. ఒకటి తనని తాను నెట్‌వర్క్ కార్డుగా చూపించుకుంటుంది. గుచ్చగానే ఈథర్‌నెట్ కేబుల్ పెట్టినట్టు నెట్ వస్తుంది, సెట్టింగ్స్ అన్నీ బ్రౌజర్‌లో 192.168.8.1 లాంటి అడ్రసులో తెరుచుకుంటాయి. లినక్స్ అయినా, ఇంకేదైనా దీనికి పట్టింపు లేదు. రెండోది మోడెమ్‌గానే కనిపించేది. దీన్ని మోడెమ్ మేనేజర్ చూసుకుంటుంది. కొన్ని డాంగిల్‌లు మొదట విండోస్ డ్రైవర్లున్న సీడీలా వేషం వేసుకుని వస్తాయి, ఆ వేషం తీయించడానికి యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ ఉంది, అది ఉంటే మీకు తెలియకుండానే పని జరిగిపోతుంది. కొనేటప్పుడు మొదటి జాతి అడగండి.

డాంగిల్‌కి ఒక మంచి గుణం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు: ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి కిటికీ దగ్గర వేలాడదీయొచ్చు. గోడల మధ్య సిగ్నల్ అందని గదిలో ఖరీదైన 5జీ కార్డు కన్నా ఇదే బాగా పనిచేసిన సందర్భాలు చూశాను. చెడ్డ గుణం, పోర్టులోంచి బయటికి పొడుచుకుని ఉంటుంది. మరిచిపోయి సంచిలో పెట్టారంటే డాంగిలో, పోర్టో, ఏదో ఒకటి విరుగుతుంది.

జేబు రౌటర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వైఫై వస్తుంది, అంతే. ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకునేటప్పుడు బాగుంటుంది. చార్జింగ్ పెట్టాల్సిన వస్తువు ఇంట్లో ఇంకొకటి పెరుగుతుంది.

ఫోన్

ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే లినక్స్‌కి అది ఒక నెట్‌వర్క్ కార్డు. ఏమీ వేయనక్కర్లేదు. ఐఫోన్‌కి కెర్నల్‌లో డ్రైవర్ ఉంది గానీ యూఎస్‌బీమక్స్‌డీ అనే సర్వీసు కూడా ఉండాలి, ఫోన్ స్క్రీన్ మీద ఈ కంప్యూటర్‌ని నమ్మాలా అని అడిగినప్పుడు ఒప్పుకోవాలి. వైఫై హాట్‌స్పాట్ సంగతి అందరికీ తెలిసిందే. బ్లూటూత్ టెథరింగ్ బ్యాటరీ తక్కువ తింటుంది కానీ మెయిల్ చూసుకోవడానికి తప్ప ఆ వేగం దేనికీ చాలదు.

కేబుల్ మీదైతే ఫోన్ చార్జ్ కూడా అవుతుంది, ఆలస్యం తక్కువ, చుట్టుపక్కల వైఫైల రద్దీ అంటదు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి: కొత్త ఫోన్‌లోని మోడెమ్ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లోని 4జీ కార్డు కన్నా ఎక్కువ బ్యాండ్లు పట్టుకుంటుంది, వాటిని ఎక్కువగా కలిపి వాడుకుంటుంది. వేగం ఒక్కటే మీకు కావలసిందైతే పోటీ ఇక్కడే ముగిసిపోయింది.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. లోపలి మోడెమ్‌తో కనెక్ట్ అయినప్పుడు నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని లెక్కపెట్టి వాడుకోవాల్సిన డేటాగా భావిస్తుంది, అప్‌డేట్‌లు అవంతటవే దిగకుండా డెస్క్‌టాప్ ఆగుతుంది. ఫోన్‌ని కేబుల్‌తో తగిలిస్తే మామూలు ఈథర్‌నెట్ అనుకుని, వెనకాల అప్‌డేట్‌లు లాగేయొచ్చు. ఆ కనెక్షన్ సెట్టింగ్స్‌లో మీటర్డ్ అన్నది మీ చేత్తో ఆన్ చేసుకోండి. ఒకసారి నా రోజు కోటా మొత్తం ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కే పోయింది, మధ్యాహ్నం మీటింగ్‌లో నా బొమ్మ ముక్కలు ముక్కలుగా కనిపించిందట.

మరి ఫోన్ ఇంత సుఖంగా ఉంటే లోపలి మోడెమ్ ఎందుకు? రోజూ బయట తిరిగి పనిచేసేవాళ్లకి తెలుస్తుంది. మూత తెరిస్తే నెట్ ఉండడం, కాల్ వస్తే ఫోన్ పట్టుకుని కేబుల్ లేకుండా బయటికి నడవగలగడం, సాయంత్రానికి ఫోన్ బ్యాటరీ సగం మిగలడం. దీనికితోడు చాలా కార్డుల్లో జీపీఎస్ ఉంటుంది, మోడెమ్ మేనేజర్ ద్వారా వాడుకోవచ్చు. ఆ సిమ్‌కి వచ్చే ఎస్ఎంఎస్‌లు ల్యాప్‌టాప్‌లోనే చదవొచ్చు. దాని ఖర్చు మరో సిమ్, మరో ప్లాన్. ఈసిమ్ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్‌లకు ఎల్‌ప్యాక్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ప్రొఫైల్ ఎక్కించగలదు, కానీ అది కమాండ్ లైన్ మీద చెయ్యి తిరిగినవాళ్లకే.

టెలిఫోన్ తీగ పెట్టే పాత మోడెమ్ కోసం వచ్చినవాళ్లకి

ఇంకా కొందరు పాత ల్యాప్‌టాప్ పక్కన ఉండే టెలిఫోన్ సాకెట్ గురించే అడుగుతారు. అవి చాలావరకు విన్‌మోడెమ్‌లు. అంటే మోడెమ్ చేయాల్సిన లెక్కలన్నీ ప్రాసెసర్ చేత చేయించే సగం మోడెమ్‌లు, ఆ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉండేది. కోనెక్సెంట్ చిప్‌లకు లినక్స్ డ్రైవర్‌ని ఒక కంపెనీ డబ్బుకి అమ్మేది, ఉచితంగా ఇచ్చేదాంట్లో వేగం 14.4 కిలోబిట్ల దగ్గర కట్టేసేది. స్మార్ట్‌లింక్ చిప్‌లకు ఎస్ఎల్‌మోడెమ్‌డీ అనే ప్రోగ్రాం ఉండేది, దాని గుండెకాయ 32 బిట్ బైనరీ. ఇప్పటి డిస్ట్రోలో వాటిని లేపడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. డయల్-అప్ నిజంగా అవసరమైతే సీరియల్ పోర్టుకి తగిలించే బయటి హార్డ్‌వేర్ మోడెమ్ చూసుకోండి, అది ఏటీ కమాండ్లకి ఈనాటికీ బుద్ధిగా పలుకుతుంది.

లినక్స్ కాక ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లుంటే, ఎంబీఐఎం మాట్లాడే యూఎస్‌బీ కార్డులకు 2016లో వచ్చిన 6.0 నుంచి అందులో యూఎంబీ అనే డ్రైవర్ ఉంది. మోడెమ్ మేనేజర్ లాంటి మధ్యవర్తులెవరూ లేకుండా ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌కే ఏపీఎన్ చెప్పేస్తే సరి. ఆ సింపుల్‌తనం చూసి లినక్స్‌వాడినైన నాకే కాస్త అసూయ కలిగింది.

నేనైతే ఏం చేస్తానంటే

నెలకి రెండు మూడుసార్లు బయట నెట్ కావాలనుకునేవాళ్లు ఫోన్ కేబుల్‌తో సరిపెట్టుకోండి, లోపల ఎంత గొప్ప కార్డున్నా సరే. రోజూ కావాలి, లోపల యూఎస్‌బీ కార్డుంది, బ్యాండ్లు కలుస్తున్నాయి అంటే రెండు గంటలు కూర్చుని దాన్నే లేపండి, ఎఫ్‌సీసీ తాళం సంగతి ముందే చూసుకోండి. రోజూ కావాలి కానీ లోపలిది మొండి పీసీఐ కార్డు అంటే, స్క్రూడ్రైవర్ పట్టే అలవాటుంటే కార్డు మార్చండి, లేకపోతే నెట్‌వర్క్ కార్డులా కనిపించే డాంగిల్ కొనుక్కోండి. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌ని మాత్రం విప్పకండి, వారంటీ సీల్ గురించి వాళ్లతో వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంకా ల్యాప్‌టాప్ కొనకుండా చూస్తున్నవాళ్లది అన్నిటికన్నా మంచి స్థితి. కొత్త కెర్నల్ ఉన్న డిస్ట్రోని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మీ సిమ్ కూడా పట్టుకుని వెళ్లండి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే అక్కడే బూట్ చేసి, సిమ్ పెట్టి, స్టేట్ లైన్ చూడండి. "రిజిస్టర్డ్" అని వచ్చిందా, మోడెమ్‌కి కూడా కలిపి డబ్బులివ్వొచ్చు. "డిసేబుల్డ్" దగ్గర ఆగితే కార్డు నంబరు రాసుకుని, దానికి స్క్రిప్టు ఉందో లేదో ఆ పెన్‌డ్రైవ్‌లోనే చూసుకోండి. అసలు ఎక్కడా కనిపించకపోతే సిమ్ ట్రేని లెక్కలోంచి తీసేసి బేరమాడండి. వచ్చేటప్పుడు సిమ్ తీసుకోవడం మరిచిపోకండి.